బొడ్డుతాడు రక్తంలో లెప్టిన్ ఎక్కువ ఉంటే బిడ్డ బరువు పెరుగుతుందా?

నాగావళి (రాయగడ)

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడలో నర్సింగ్ విద్యార్థినులకు ప్రసూతి పాఠాలు చెబుతున్నాను. ఈ నెల సెమినార్ కోసం మా పిల్లలు బొడ్డుతాడు రక్తంలోని ప్రొటీన్లకూ పుట్టినప్పటి బరువుకూ ఉన్న సంబంధం గురించి చదువుకుని వచ్చారు. లెప్టిన్ అనే హార్మోను ఎక్కువగా ఉన్న శిశువులు బరువుగా ఉంటారనీ, ఐజీఎఫ్-1 అనే వృద్ధి కారకం కూడా బరువుతో పాటే పెరుగుతుందనీ, దానిని పట్టి ఉంచే ఐజీఎఫ్‌బీపీ-1 మాత్రం చిన్న శిశువులలో ఎక్కువగా కనిపిస్తుందనీ పట్టిక గీసి చూపించారు. చివర ఒక అమ్మాయి లేచి, తల్లికి లెప్టిన్ పెంచే మందు ఏదైనా ఇస్తే మన జిల్లాలో తక్కువ బరువు కాన్పులు తగ్గుతాయి కదా అని అడిగింది. అలా కాదని వెంటనే చెప్పగలిగాను గానీ, ఎందుకు కాదో ఆ వయసు పిల్లలను ఒప్పించేలా చెప్పడానికి నా దగ్గరున్న పాఠ్యపుస్తకం చాలలేదు.

ఈ వేదికలో బరంపురం నుంచి జయపురం దాకా వైద్యులు, ల్యాబ్ వాళ్లు, లెక్కల మాస్టార్లు ఉన్నారు కనుక అడుగుతున్నాను. ఆ రక్తంలో కనిపించే ప్రొటీన్ తల్లిదా, బిడ్డదా, మాయదా? బరువుతో కలిసి పెరిగే ప్రొటీన్లలో నిజంగా బిడ్డను పెంచేవి ఏవి, పెరిగిన బిడ్డ నుంచి వచ్చేవి ఏవి?

బరంపురం పిల్లల డాక్టరు

మేడమ్, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న చాలామంది పరిశోధకులు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న. ముందు మొదటి భాగానికి జవాబు చెబుతాను, ఎందుకంటే రెండోది దానిమీదే ఆధారపడి ఉంది.

బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. మామూలుగా మనం చదువుకున్న దానికి ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది: మాయ దగ్గర ఆక్సిజన్, పోషకాలు నింపుకున్న రక్తాన్ని బిడ్డకు చేర్చేది సిర, బిడ్డ దేహంలో తిరిగి వచ్చిన రక్తాన్ని మాయకు తీసుకుపోయేవి ధమనులు. ఈ మూడింటిలోనూ తిరిగేది బిడ్డ రక్తమే. తల్లి రక్తం మాయలోని విల్లస్‌ల (వేళ్లలాంటి సన్నని పోగుల) చుట్టూ తిరుగుతుంది తప్ప దానిలో కలవదు. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు ఆ గోడ దాటుతాయి. ప్రొటీన్లు పెద్ద అణువులు కనుక చాలావరకు దాటవు. ముఖ్యమైన మినహాయింపు ఐజీజీ అనే ప్రతిరక్షకం. దానిని మాయ ప్రత్యేకమైన గ్రాహకంతో పట్టుకుని బిడ్డవైపు పంపుతుంది. నెలలు నిండే సరికి బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లితో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది. నెల తక్కువ పిల్లల్లో అది తక్కువగా ఉండడానికి కారణం ఆ రవాణాలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లో జరగడమే. ఐజీఎమ్ అలా దాటదు కాబట్టి, అది బిడ్డ రక్తంలో ఎక్కువగా కనబడితే బిడ్డకే గర్భంలో ఏదో ఇన్ఫెక్షన్ తగిలిందేమోనని అనుమానిస్తాం.

దీనినిబట్టి మీరు చెప్పుకోవలసింది ఏమిటంటే, ఆ నమూనాలో ఉన్న ఇన్సులిన్, ఐజీఎఫ్-1, లెప్టిన్, ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపాయిటిన్, ఇవన్నీ ప్రధానంగా బిడ్డ స్వంత అవయవాలు తయారు చేసుకున్నవి. లెప్టిన్‌ను మాయ కూడా బాగానే తయారు చేస్తుంది గానీ అందులో అత్యధిక భాగాన్ని తల్లి రక్తంలోకే వదులుతుంది. అందువల్ల తల్లికి లెప్టిన్ ఇచ్చి బిడ్డ లెప్టిన్ పెంచడమనే ఆలోచన గోడ దగ్గరే ఆగిపోతుంది. ఒకవేళ దాటినా బిడ్డ పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి రేపు తీరికగా రాస్తాను, ఇప్పుడు వార్డుకు వెళ్లాలి.

కొలాబ్ గట్టు (జయపురం)

డాక్టరు గారు వచ్చేలోపు లెక్కల వైపు నుంచి ఒక మాట. నేను డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను, వైద్యం నాకు రాదు. అయినా ఈ విషయంలో వచ్చే వ్యాసాలు చదివినప్పుడు మొదట నేను వెతికేది గర్భకాలం వారాలను లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నది.

ఆల్ఫా ఫీటోప్రొటీన్ సంగతి చూడండి. బిడ్డ కాలేయం తయారు చేసే ఈ ప్రొటీన్ గర్భం ముదిరేకొద్దీ బిడ్డ రక్తంలో తగ్గిపోతూ వస్తుంది. ముప్ఫై నాలుగో వారంలో పుట్టిన బిడ్డలో అది ఎక్కువ, బరువు తక్కువ. నలభయ్యో వారంలో పుట్టిన బిడ్డలో అది తక్కువ, బరువు ఎక్కువ. ఇద్దరినీ ఒకే గ్రాఫులో పెడితే ఆ ప్రొటీన్ బరువును తగ్గిస్తున్నట్లు గీత దిగిపోతుంది, కానీ నిజానికి ఆ రెంటినీ నడిపిస్తున్నది గడచిన వారాల సంఖ్య. ఒకే వారంలో పుట్టిన పిల్లలను మాత్రమే పోల్చినప్పుడు ఆ గీత ఎంత మిగులుతుందో చూడాలి. మగ, ఆడ తేడా కూడా అంతే అవసరం: సగటున ఆడపిల్లలు కాస్త తక్కువ బరువుతో పుడతారు, అయినా వాళ్ల బొడ్డుతాడు రక్తంలో లెప్టిన్ మగపిల్లల కంటే ఎక్కువగా ఉంటుంది. లింగాన్ని పక్కన పెట్టి గీసిన గ్రాఫులో అసలు సంబంధం కొంత మరుగున పడుతుంది.

ఇంకొకటి. రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం 0.5 అని రాస్తే విద్యార్థులు సగం కథ తేలిపోయిందనుకుంటారు. దానిని వర్గం చేస్తే 0.25 వస్తుంది, అంటే బరువుల్లోని హెచ్చుతగ్గులలో నాలుగో వంతుకు మాత్రమే ఆ ప్రొటీన్ తోడు వస్తోంది, మిగిలిన మూడు వంతులు వేరే ఎక్కడో ఉన్నాయి. పైగా ఈ రోజుల్లో ఒక చిన్న నమూనాలో వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచే పద్ధతులు వచ్చాయి. వెయ్యి ప్రొటీన్లను 0.05 గీటురాయితో, అంటే వందలో అయిదుసార్లు పొరపడే హద్దుతో, పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా యాదృచ్ఛికంగానే యాభై దాకా సంబంధం ఉన్నట్లు కనిపిస్తాయి. దానికి తగిన సవరణ చేయని పట్టికను మీ పిల్లలకు చూపించకండి మేడమ్.

బరంపురం పిల్లల డాక్టరు

మాస్టారు చెప్పిన దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే గణాంకాలు ఎంత సవరించినా కారణమేదో పూర్తిగా తేలదు. ప్రకృతి తనంతట తాను చేసిన కొన్ని ప్రయోగాలు ఇక్కడ మనకు సాయపడతాయి. జన్యులోపం వల్ల ఒక ప్రొటీన్ మొదటినుంచీ లేని బిడ్డ ఎంత బరువుతో పుట్టిందో చూస్తే, ఆ ప్రొటీన్ గర్భంలో ఏం పని చేస్తుందో తెలుస్తుంది.

లెప్టిన్ హార్మోనును 1994లో కనుగొన్నారు. మూడేళ్లకు, 1997లో, పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లల గురించి ప్రచురించారు. వాళ్లు పుట్టినప్పుడు మామూలు బరువుతోనే ఉన్నారు. పుట్టిన కొన్ని నెలల నుంచి తీరని ఆకలితో విపరీతంగా లావయ్యారు. అంటే లెప్టిన్ ఏమాత్రం లేకపోయినా గర్భంలో బిడ్డ పెరుగుదల ఆగలేదు. మానవ శిశువు చివరి రెండు నెలల్లో కొవ్వును బాగా పోగు చేసుకుంటుంది, ఆ కొవ్వు కణాలు లెప్టిన్‌ను విడుదల చేస్తాయి. కనుక బొడ్డుతాడు రక్తంలోని లెప్టిన్ ప్రధానంగా కొవ్వు ఎంత చేరిందో చెప్పే కొలత. చెరువులో పాతిన కొలతరాయిని పైకి లాగినంత మాత్రాన నీరు పెరగదు కదా. మీ విద్యార్థినికి ఇదొక్కటి చెప్పినా చాలు.

ఐజీఎఫ్-1 సంగతి దీనికి భిన్నం. ఆ జన్యువులో కొంత భాగం లోపించిన ఒక బాలుడి గురించి 1996లో ప్రచురించారు: నెలలు నిండి పుట్టినా అతని బరువు సుమారు 1.4 కిలోలు మాత్రమే. కాబట్టి ఐజీఎఫ్-1 బిడ్డ పెరుగుదలలో నిజంగా పాలుపంచుకునే కారకం. విచిత్రమేమిటంటే, పుట్టాక దానిని నడిపించే గ్రోత్ హార్మోన్ గర్భంలో పెద్దగా పట్టు చూపదు. గ్రోత్ హార్మోన్ లోపంతో పుట్టిన పిల్లలు దాదాపు మామూలు సైజులోనే ఉంటారు. గర్భంలో ఐజీఎఫ్-1ను నడిపేది ఇన్సులినూ, అందే పోషకాలూ. ఐజీఎఫ్-2 కూడా ఇలాంటిదే: దాని చర్య అతిగా ఉండే బెక్‌విత్ వీడెమన్ స్థితిలో బిడ్డలు భారీగా, తగ్గిపోయే సిల్వర్ రస్సెల్ స్థితిలో బాగా చిన్నగా పుడతారు.

ఇక ఇన్సులిన్. తల్లి ఇన్సులిన్ మాయ దాటదు, తల్లి గ్లూకోజు దాటుతుంది. తల్లికి చక్కెర ఎక్కువగా ఉంటే బిడ్డ క్లోమం దానికి స్పందించి తన ఇన్సులిన్‌ను పెంచుకుని కొవ్వు కూడగట్టుకుంటుందని డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ 1950ల్లోనే ప్రతిపాదించారు. క్లోమం ఏర్పడకుండా పుట్టిన బిడ్డలు నెలలు నిండినా ఎంతో తక్కువ బరువుతో, చర్మం కింద కొవ్వే లేకుండా ఉంటారు. 1998లో హాటర్స్‌లీ బృందం గ్లూకోకైనేజ్ జన్యువులో మార్పు గురించి ప్రచురించిన ఫలితం నాకు అన్నింటికంటే ఇష్టం. ఆ మార్పు బిడ్డకు వస్తే, క్లోమం చక్కెరను సరిగా గుర్తించక ఇన్సులిన్ తగ్గి, బరువు సుమారు అర కిలో తగ్గింది. అదే మార్పు తల్లికి మాత్రమే ఉంటే, ఆమె చక్కెర ఎక్కువగా ఉండడం వల్ల బిడ్డ బరువు అంతకు కాస్త మించి పెరిగింది. ఇద్దరికీ ఉంటే రెండూ చాలావరకు సరిపోయాయి.

కాబట్టి మీ పట్టికలో ఇన్సులిన్, ఐజీఎఫ్ కారణాల వరుసలోకి వస్తాయి, లెప్టిన్ సాక్ష్యం వరుసలోకి వస్తుంది. ఐజీఎఫ్‌బీపీ-1 మధ్యలో ఉంటుంది: ఇన్సులిన్ దానిని అణచివేస్తుంది, ఆక్సిజన్ కొరత దానిని పెంచుతుంది, అది పెరిగితే ఐజీఎఫ్-1 స్వేచ్ఛగా పనిచేయడం తగ్గుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నేను ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నమూనా ఎలా తీశారో చూడకుండా ఫలితాన్ని చర్చించడం నాకు ఎప్పుడూ నచ్చదు కాబట్టి కొంచెం దీర్ఘంగానే రాస్తాను.

బొడ్డుతాడు నుంచి రక్తం తీయడం తేలిక అనిపిస్తుంది, కానీ హడావుడిలో సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలిపోతాయి. సీరం లేత గులాబీ రంగులో వచ్చిందంటే ఆ నమూనాలో ఇన్సులిన్ అంకెను నమ్మరాదు, ఎందుకంటే పగిలిన కణాల్లోంచి బయటికొచ్చే ఒక ఎంజైము ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. అందుకే పెద్ద అధ్యయనాల్లో సీ-పెప్టైడ్‌ను కొలుస్తారు. క్లోమం ఒక ఇన్సులిన్ అణువుకు ఒక సీ-పెప్టైడ్ అణువు చొప్పున విడుదల చేస్తుంది, కణాలు పగిలినా దానికి అంత నష్టం కలగదు. తొమ్మిది దేశాల్లో పదిహేను కేంద్రాల్లో జరిగి 2008లో ఫలితాలు వెలువడిన హాపో అధ్యయనం అలాగే చేసింది. డయాబెటిస్ అనదగిన స్థాయికి లోపు ఉన్న తల్లుల్లోనూ చక్కెర మెట్టు మెట్టుగా పెరిగిన కొద్దీ బిడ్డ బరువూ, బొడ్డుతాడు రక్తంలో సీ-పెప్టైడూ పెరిగాయని, ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా మొదలయ్యే గీటు ఏదీ కనబడలేదని అందులో తేలింది.

సిర నుంచి తీశారా, ధమని నుంచి తీశారా అన్నది కూడా రాసిపెట్టాలి, ఎందుకంటే మాయ నుంచి వస్తున్న రక్తం, బిడ్డలో తిరిగి వెళ్తున్న రక్తం ఒకటి కావు. ఎక్కువమంది లావుగా ఉండి అందే సిర నుంచే తీస్తారు. గొట్టం గది వేడిలో ఎంతసేపు ఉందో, ఎప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారో రాయకపోతే, వేసవిలో పర్లాకిమిడి మధ్యాహ్నం తీసిన నమూనానూ జనవరి తెల్లవారుజామున తీసిన నమూనానూ ఒకే గాటన కట్టినట్లవుతుంది.

మేడమ్ అడగలేదు గానీ విద్యార్థినులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: బిడ్డకు చెందిన రక్తాన్ని మనం తీసుకుంటున్నామా? బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు బిగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది; ఆ సమయంలో మాయలోని 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా రక్తం బిడ్డకు చేరుతుంది, ఆ తరువాతి నెలల్లో ఇనుము కొరత రాకుండా అది కాపాడుతుంది. నమూనా ఆ తరువాతనే, బిగించి కోసిన తాడులో మాయ వైపు మిగిలిన ముక్క నుంచే తీయాలి. అధ్యయనం కోసమని తొందరపడి ముందే బిగించడం ఎవరు చేసినా నేను ఒప్పుకోను.

కొత్త నాన్న (ఛత్రపురం)

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి. మా ఆవిడకు వచ్చే నెల కాన్పు. బొడ్డుతాడు రక్తం దాచిపెట్టమని ఒక ప్రైవేటు సంస్థవాళ్లు రోజూ ఫోను చేస్తున్నారు, బిడ్డ ఎదుగుదల లోపాలు కూడా ముందే తెలుస్తాయంటున్నారు. మీరు చెబుతున్న ప్రొటీన్లు అవేనా?

బరంపురం పిల్లల డాక్టరు

కావండి. వాళ్లు దాచేది రక్తంలోని మూలకణాలను, అదీ భవిష్యత్తులో మార్పిడి చికిత్స కోసమని. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు తన స్వంత వినియోగం కోసం అలా దాచిపెట్టడాన్ని భారతీయ వైద్య పరిశోధన మండలి సిఫారసు చేయదు. ఎదుగుదల లోపాల సంగతి ఆ నిల్వ చెప్పదు. ఆ డబ్బు తల్లి ఆహారానికీ బిడ్డ టీకాలకూ ఉంచుకోండి. ఈ చర్చను దానివైపు మళ్లించవద్దని మిగతావారికి మనవి.

గుణుపురం సిస్టర్

డాక్టరు గారికీ మాస్టారికీ నమస్కారాలు. నేను ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. మీరు రాసినవన్నీ చదివాక నాకు రెండు మూడు సంగతులు చెప్పాలనిపించింది.

మొదటిది వారాల లెక్క. మాస్టారు ఒకే వారంలో పుట్టిన పిల్లలను పోల్చమన్నారు, కానీ మా దగ్గరకు వచ్చే సవర, కోంధు తల్లుల్లో చాలామంది చివరి నెలసరి తేదీని రథయాత్ర అయిన వారానికనో, వరి కోతలు మొదలయ్యే ముందనో చెబుతారు. దాని నుంచి నేను లెక్కగట్టిన వారాలు రెండు మూడు అటూ ఇటూ కావడం మామూలే. మొదటి మూడు నెలల్లో స్కానింగ్ చేయించుకున్న వాళ్లకే ఆ సంఖ్య గట్టిగా ఉంటుంది.

రెండోది ఆహారం. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని ఏడో నెల నుంచి గర్భిణికి అన్నం తగ్గించి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అత్తగారు చోడి అంబలి పోస్తారు, అది మంచిదే, కానీ దానితోనే సరిపెట్టేస్తారు. మమతా దివస్ (ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్య దినం) నాడు ఎంత చెప్పినా కోడలు తల ఊపుతుంది, ఇంటికి వెళ్లాక మళ్లీ అత్తగారి మాటే.

మూడోది పొగాకు. మా వైపు ఆడవాళ్లు పళ్లకు గుడాఖు రుద్దుకోవడం, తీరం వైపు వాళ్లు చుట్టను నిప్పు నోట్లో ఉంచి అడ్డపొగ తాగడం మీకు తెలుసు. ఇవీ, మలేరియా, రక్తహీనత కూడా బిడ్డ బరువును తగ్గిస్తాయని మాకు శిక్షణలో చెప్పారు. మరి ఇవన్నీ ఆ బొడ్డుతాడు రక్తంలో ఏ రూపంలో కనిపిస్తాయి? కనిపించకపోతే ఈ పరీక్షల వల్ల మాకేం ఉపయోగం?

బరంపురం పిల్లల డాక్టరు

సిస్టర్ గారు అడిగినది చర్చకు అసలైన చోటు. ఒక్కొక్కటిగా చెబుతాను.

మలేరియాతో మొదలుపెడతాను, ఎందుకంటే గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో దీని చరిత్ర మనందరికీ తెలుసు. ఫాల్సిపారమ్ పరాన్నజీవి సోకిన ఎర్రకణాలు మాయలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థానికి అంటుకుని అక్కడే పేరుకుపోతాయి. వేలి మీద పొడిచి తీసిన రక్తంలో ఏమీ కనిపించకపోయినా మాయలో అవి ఉండవచ్చు. వాటి చుట్టూ తల్లి తెల్లకణాలు గుమిగూడి వాపు వస్తే, పోషకాల రవాణా దెబ్బతింటుంది. పాపువా న్యూగినీలో చేసిన అధ్యయనంలో అటువంటి వాపు ఉన్న మాయల నుంచి పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలో ఐజీఎఫ్-1 తగ్గినట్లు చూశారు. తొలి కాన్పు తల్లులకు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే మాయకు అంటుకునే ఆ రకం మీద వారికి ఇంకా ప్రతిరక్షకాలు తయారై ఉండవు.

పొగ, తీవ్రమైన రక్తహీనత, మాయలో రక్తప్రసరణ లోపం, ఇవన్నీ బిడ్డకు ఆక్సిజన్ తగ్గించే దారులు. ఆ కొరతకు బిడ్డ ఎరిత్రోపాయిటిన్‌ను పెంచుకుంటుంది. తల్లి ఎరిత్రోపాయిటిన్ మాయ దాటదు కనుక, బొడ్డుతాడు రక్తంలో అది ఎక్కువ ఉందంటే బిడ్డే కొంతకాలంగా ఆక్సిజన్ చాలక ఇబ్బంది పడిందని అర్థం. గుడాఖు లాంటి పొగలేని పొగాకులో మంట లేదు కాబట్టి హాని లేదనుకునేవారికి, ముంబయిలో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో నోటిలో పెట్టుకునే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 100 గ్రాములకు పైగా తక్కువ బరువుతో పుట్టారని చెప్పండి.

ఇనుము విషయంలో ఫెరిటిన్ బిడ్డ నిల్వలను చూపిస్తుంది. ఎదుగుదల కుంటుపడిన బిడ్డల్లోనూ, చక్కెర అదుపులో లేని తల్లుల బిడ్డల్లోనూ, అంటే రెండు కొసల్లోనూ, అది తక్కువగా ఉండవచ్చు. బరువు చూసి నిల్వలు ఊహించకూడదనడానికి అదే రుజువు. మీరిచ్చే 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఎర్ర మాత్ర 180 రోజులూ తల్లి కడుపులోకి వెళ్లడమే అక్కడ పని. మాత్రలు అటక మీద దాచే ఇళ్లు మీకు తెలియనివి కావు.

నాగావళి (రాయగడ)

ఎంతో స్పష్టంగా ఉంది. అయితే లెప్టిన్ గురించి ఇంకొక సందేహం మిగిలింది. మన పిల్లలు బరువు తక్కువ కనుక లెప్టిన్ కూడా తక్కువే ఉండాలి కదా? పుణె పరిశోధనల్లో అలా కాదని ఎక్కడో చదివాను.

బరంపురం పిల్లల డాక్టరు

మీరు చదివింది నిజమే. పుణె దగ్గరి గ్రామాల్లో యాజ్ఞిక్ బృందం చేసిన అధ్యయనంలో శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, పోల్చడానికి తీసుకున్న సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. అయితే బరువు, కండ, పొట్ట చుట్టుకొలత ఎంత తగ్గాయో, భుజం ఎముక కింద చర్మపు మడత అంత తగ్గలేదు. 2003లో ప్రచురించిన ఆ వ్యాసం ఈ పిల్లలను సన్నగా కనిపించే కొవ్వు శిశువులని వర్ణించింది. దానికి ముందు ఏడాది అదే బృందం పుణె, లండన్ శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పోల్చింది. పుణె శిశువులు అంత తేలికగా ఉన్నా లెప్టిన్ అదే నిష్పత్తిలో తగ్గలేదు, బరువును లెక్కలోకి తీసుకున్నాక ఇన్సులిన్ ఎక్కువగా కనిపించింది.

ఇందులో నాకు తట్టేదేమిటంటే, తక్కువ బరువు అనే ఒకే పేరు కింద మనం వేరువేరు పిల్లలను కలిపేస్తున్నాం. బరువు 2.5 కిలోల లోపు ఉన్న ప్రతి బిడ్డనూ తక్కువ బరువు అంటాం, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో తూచిన ప్రతి వంద మందిలో దాదాపు పద్దెనిమిది మంది అలాంటివారే. ముప్ఫై ఆరో వారంలో 2.4 కిలోలతో పుట్టిన బిడ్డ తన వయసుకు తగినట్లే ఉంది, ఆమెకు తక్కువైనది కాలం. నలభయ్యో వారంలో 2.6 కిలోలతో పుట్టిన బిడ్డ ఆ గీత దాటినందుకు లెక్కలోకే రాదు, కానీ 2014లో వెలువడిన ఇంటర్‌గ్రోత్ అనే అంతర్జాతీయ ఎదుగుదల ప్రమాణాల ప్రకారం వయసుకు చిన్నది. ఆ ప్రమాణాలకు కొలతలు తీసిన ఎనిమిది చోట్లలో మన పొరుగు రాష్ట్రమవతలి నాగపూర్ ఒకటి, కాబట్టి అవి పరాయి దేశపు పిల్లల కొలతలని కొట్టివేయడానికి లేదు.

కొలాబ్ గట్టు (జయపురం)

ఇక్కడ డాక్టరు గారితో కొంచెం విభేదిస్తాను. జిల్లా ఆసుపత్రిలో, అంతకంటే ఉపకేంద్రంలో, ఒక్క బిడ్డ విషయంలోనైనా ఈ ప్రొటీన్ల అంకె చికిత్సను మారుస్తుందా? మారుస్తుందని నాకు అనిపించడం లేదు. అలాంటప్పుడు విద్యార్థులకు ప్రొటీన్ల పేర్లు వల్లె వేయించడం కంటే తూకం సరిగా వేయడం నేర్పడం మేలు. రిజిస్టర్లలో బరువుల పంపిణీ గీసి చూడండి: సరిగ్గా 2500 దగ్గర ఒక గోపురం లేస్తుంది. అది పిల్లల్లో లేదు, రాసేవారి చేతిలో ఉంది. ఆ గోపురం మీద ఎంత ఖరీదైన ప్రొటీన్ పరీక్ష పెట్టినా వచ్చే సంబంధం మసకబారినదే అవుతుంది.

బరంపురం పిల్లల డాక్టరు

మంచం పక్క చికిత్స విషయంలో మాస్టారి మాట నిజం. పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోతోందా, పాలు తాగుతోందా, ఒళ్లు చల్లబడుతోందా అన్నవి చూస్తాను గానీ లెప్టిన్ కోసం ల్యాబ్‌కు పంపను. కానీ ఎందుకు అన్న ప్రశ్నకు తూకం ఒక్కటే జవాబు చెప్పదు. ఇద్దరు బిడ్డలు 2.4 కిలోలే ఉన్నప్పుడు ఒకరిలో ఎరిత్రోపాయిటిన్ ఎక్కువ, ఐజీఎఫ్-1 తక్కువ ఉండి, మరొకరిలో రెండూ మామూలుగా ఉంటే, మొదటి బిడ్డ మాయ వల్ల నష్టపోయిందనీ, రెండో బిడ్డ చిన్న తల్లిదండ్రులకు చిన్నగా పుట్టి ఉండవచ్చుననీ ఆలోచిస్తాం. వందల మంది మీద అలాంటి తేడా తెలిస్తే, ఒక ప్రాంతంలో ముందు మలేరియా మీద పని చేయాలా, పొగాకు మీదనా, ఆహారం మీదనా అన్నది తేల్చుకోవచ్చు.

కొలాబ్ గట్టు (జయపురం)

వందల మంది మీద అంటే ఒప్పుకుంటాను. ఒక్క బిడ్డ మీద అంటే ఒప్పుకోను. పైగా కొత్త పద్ధతుల్లో కొన్ని ప్రొటీన్ పరిమాణాన్ని నానోగ్రాముల్లో కాక సాపేక్ష కొలమానంలో ఇస్తాయి. ఒక అధ్యయనం అంకెను మరొక దాని పక్కన నేరుగా పెట్టలేం.

గుణుపురం సిస్టర్

మాస్టారు, మా రిజిస్టర్ గురించి మీరన్నది కొంత నిజమే. పాత స్ప్రింగు తూకంలో ముల్లు ఊగుతూ ఉంటుంది, బిడ్డ ఏడుస్తూ ఉంటుంది, ముల్లు ఎక్కడ ఆగినా 2.5 అని రాసేస్తారు. డిజిటల్ తూకం వచ్చినచోట ఇది తగ్గింది. కానీ నాకు ఇంకొకటి కావాలి: ప్రొటీన్ పరీక్ష లేకుండా, సన్నగా ఉన్న బిడ్డనూ పొట్టిగా ఉన్న బిడ్డనూ విడదీయడానికి మాలాంటి వాళ్లకు ఏదైనా మార్గం ఉందా?

బరంపురం పిల్లల డాక్టరు

ఉంది, పొడవు కొలవండి. బరువు గ్రాముల్లో తీసుకుని వందతో గుణించి, పొడవు సెంటీమీటర్ల ఘనంతో భాగించండి. 2400 గ్రాముల బిడ్డ 49 సెంటీమీటర్లు ఉంటే 2.04 వస్తుంది, అంటే ఎముక పొడవు పెరిగింది, కండ, కొవ్వు చేరలేదు. గర్భం చివరి వారాల్లో సరఫరా తగ్గి ఉంటుందని అనుమానించవచ్చు. అదే 2400 గ్రాముల బిడ్డ 45 సెంటీమీటర్లే ఉంటే 2.63 వస్తుంది, ఆ బిడ్డ అన్ని వైపులా ఒకే తీరుగా చిన్నది. మొదటి బిడ్డలో లెప్టిన్ తక్కువగా ఉంటుందని పరీక్ష చేయకుండానే చాలావరకు ఊహించవచ్చు.

నాగావళి (రాయగడ)

అయితే సెమినార్‌ను ఇలా మారుస్తున్నాను. పట్టికలో ప్రతి ప్రొటీన్ పక్కన మూడు గడులు అదనంగా పెట్టిస్తాను: తయారు చేసేది ఎవరు, అది లేకుండా పుట్టిన బిడ్డల బరువు ఎంత అని తెలిసింది, అధ్యయనంలో గర్భకాలాన్నీ లింగాన్నీ లెక్కలోకి తీసుకున్నారా. రెండో గడి లెప్టిన్ దగ్గర చూసినప్పుడు ఆ అమ్మాయి తన ప్రశ్నకు తానే జవాబు చెప్పుకుంటుంది. తరువాతి వారం కాన్పుల గదిలో పొడవు కొలవడం నేర్పిస్తాను. మా దగ్గర టేపు తప్ప కొలబల్ల లేదు, అది సరిపోతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

టేపు వద్దు మేడమ్. బిడ్డ ఒంపులను అనుసరించి టేపు వంగుతుంది, ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తే ఘనం చేసినప్పుడు ఆ తేడా మూడింతలవుతుంది. తల ఆనించడానికి ఒక నిలువు పలక, పాదాల దగ్గర జరిగే మరో పలక ఉన్న చెక్క బల్లను ఏ వడ్రంగి అయినా చేసి ఇస్తాడు, అడుగున ఉక్కు స్కేలు అతికించమనండి.

బరంపురం పిల్లల డాక్టరు

ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు తలను పలకకు ఆనించి చూపు నేరుగా పైకి ఉండేలా పట్టుకోవాలి, రెండో వారు మోకాళ్లను మెల్లగా కిందికి నొక్కి కాళ్లు చాపి, పాదాలు నిలువుగా పలకకు తగిలాక అంకె చదవాలి. పుట్టిన 24 గంటల లోపు, రెండుసార్లు కొలిచి, రెంటి మధ్య 0.7 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే మూడోసారి కొలవమనండి. తల చుట్టుకొలత మాత్రం అదే రోజు తీసినా రెండు మూడు రోజుల తరువాత మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే కాన్పులో నొక్కుకుపోయిన తల రెండు మూడు రోజులకు గానీ తన ఆకారానికి రాదు.